పడవలో ఇద్దరమే ఉన్నప్పుడు ఎవరి పని ఎవరికి రావాలి?

#1 ఒడ్డుదూరం

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, పొడుగైతే ఏమనుకోకండి. మేమిద్దరం ఆరేళ్లుగా 28 అడుగుల మోటారు పడవలో తిరుగుతున్నాం, ఒకటే డీజిల్ ఇంజను, తెరచాప లేదు, ఒడ్డు కనపడనంత దూరం పోయే అలవాటూ లేదు. ఏడాదిలో ఐదారు నెలలు కాపురం పడవలోనే. ఎవరైనా అడిగితే "ఇద్దరం కలిసే నడుపుతాం" అని గొప్పగా చెప్పేదాన్ని. అది అబద్ధమని మొన్న తెలిసింది.

ఏం జరిగిందంటే, గాలి తగలని ఒక వంపులో లంగరేసి రాత్రి పడుకున్నాం, పొద్దున్నే ఇంజను స్టార్ట్ చేసి ఆయన ముందుకెళ్లి గొలుసు లాగుతుంటే (మాది చేత్తో లాగేదే) నడుం పట్టేసింది. మామూలుగా కాదు, అక్కడే కూలబడిపోయారు, ఊపిరి తీసుకుంటే నొప్పి. ఆయన్ని లోపలికి ఎలా చేర్చానో నాకిప్పటికీ గుర్తులేదు. చేర్చి బయటికొచ్చి చూస్తే గొలుసు సగం పైన సగం నీళ్లలో, పడవ మెల్లగా తిరుగుతోంది, స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. ప్రాణానికేం భయం లేదు, నడుమే. కానీ రేవు 11 నాటికల్ మైళ్లు.

అప్పుడు తేలింది నాకేం వచ్చో ఏం రాదో. తాళ్లు వచ్చు, ముళ్లు వచ్చు, ఫెండర్లు (పడవ పక్క రాసుకోకుండా వేలాడదీసే దిండ్లు) ఏ ఎత్తులో కట్టాలో వచ్చు, ట్యాంకులో నీళ్లు ఇంకెన్ని రోజులొస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్తా. బయట నీళ్లలో స్టీరింగ్ కూడా గంటల తరబడి పట్టుకున్నా. కానీ జెట్టీ దగ్గర ఆఖరి యాభై మీటర్లు ఆరేళ్లలో ఒక్కసారి కూడా నేను నడపలేదు. ఇంజను ఆయన ముందే స్టార్ట్ చేశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ముందు ఇంజనుని చల్లబరిచే సముద్రపు నీళ్ల వాల్వు తెరవాలని, స్టార్ట్ అయ్యాక వెనక పొగగొట్టంలోంచి నీళ్లు పడుతున్నాయో లేదో చూడాలని కూడా నాకు తెలీదు.

లంగరెలా తీశానంటే, గేరు ఒక్క క్షణం ముందుకేసి న్యూట్రల్ చేసి, పరిగెత్తి వెళ్లి వదులైన గొలుసు లాగి కట్టి, మళ్లీ వెనక్కి పరిగెత్తి... ఇలా ఎన్నిసార్లో. రెండు గంటల పైనే పట్టింది రేవుకి. అక్కడ గాలి జెట్టీ వైపు నుంచి నా మీదకే కొడుతోంది, రెండుసార్లు దగ్గరికెళ్లి తప్పిపోయి తిప్పేశా, మూడోసారి పక్క రాసుకుని ఒక పెచ్చు లేచింది, ఎవరో మహానుభావుడు తాడందుకున్నాడు.

అడగాలనుకుంది ఏంటంటే, మీరు జంటగా తిరిగేవాళ్లు పనులెలా పంచుకుంటున్నారు? నిజంగా చెప్పండి, గొప్పకి కాదు.

#2 లంగరుదారి

అక్కా, ముందు మీకో దణ్ణం. ఒక్కళ్లే గొలుసు తీసి రావడం చాలామంది మగాళ్లు చెయ్యలేని పని.

మాదీ ఇదే కథ, కాకపోతే మాకు నడుం పట్టకముందే బుద్ధొచ్చింది. ఏ రేవులోకెళ్లినా చూడండి, మగాయన స్టీరింగ్ దగ్గర నిలబడి అరుస్తుంటాడు, ఆవిడేమో తాడు పట్టుకుని మీటరు దూరంలో ఉన్న తడి జెట్టీ మీదకి దూకాలి. ఆలోచిస్తే ఇది తలకిందులు వ్యవహారం. స్టీరింగ్‌కి కావాల్సింది ఓపిక, బలం కాదు. దూకడానికి, లాగడానికి, తాడు బిగించడానికి బలం కావాలి. మరి బలం ఉన్నాయన కూర్చునే పని చేస్తాడేంటి? మేం మార్చేసుకున్నాం, ఇప్పుడు రేవులోకొస్తే స్టీరింగ్ మా ఆవిడది, తాళ్లు నావి. అసలు దూకే అవసరమే లేకుండా చేసుకున్నాం. పడవ నడుమధ్య కొక్కేనికి ఒక తాడు కట్టి ఉంచుకుని, దాన్ని జెట్టీ మీద పడవకి కాస్త వెనకగా ఉన్న గుంజకి తగిలించాక గేరు ముందుకేసి ఇంజను మెల్లగా నడిపితే చాలు, ఆ తాడు బిగుసుకుని పడవ తనంతట తనే జెట్టీకి అంటుకుని నిలబడుతుంది. ఆ తర్వాత ముందూ వెనకా తాళ్లు తీరిగ్గా కట్టుకోవచ్చు. మీ మీదకే గాలి కొట్టిన రోజున ఆ ఒక్క తాడే మిమ్మల్ని కాపాడేది.

ఇంకోటి, రివర్స్‌లో మీ పడవ వెనక భాగం ఎటు లాగుతుందో కనుక్కోండి. కుడివైపు తిరిగే ప్రొపెల్లర్ అయితే రివర్స్ వేసినప్పుడు వెనక ఎడమకి జరుగుతుంది. అది తెలిస్తే ఎడమ పక్క కట్టుకోవడం సగం పని దానంతటదే అయిపోతుంది, తెలియకపోతే ప్రతిసారీ పడవతో కుస్తీ.

అరుపులు మాత్రం మానేశాం. చేతి సైగలే. ఇంజను చప్పుడులో "ఆగు" అన్నది "లాగు" అని వినపడి ఒకసారి జరిగింది చెప్తే నవ్వుతారు.

#3 పాతడీజిల్

వింటానికి బానే ఉంది గానీ నేనొప్పుకోను. పడవకి ఒకడే కెప్టెన్ ఉండాలి. ఇద్దరూ అన్నీ చేస్తే ఎవరి పనికి ఎవరు బాధ్యులో తెలీదు. వాల్వు నువ్వు తెరిచావనుకున్నా అని ఆయన, నువ్వు తెరిచావనుకున్నా అని ఆవిడ, ఇంజను వేడెక్కి కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నా.

#4 ఒడ్డుదూరం

అన్నగారూ, ఒకడే కెప్టెన్ ఉండటం వేరు, ఆ ఒకడికే పని రావడం వేరు. ఆ కెప్టెన్ లోపల బోర్లా పడుకుని మూలుగుతుంటే పడవ ఎవరి మాట వినాలి?

#5 లంగరుదారి

😂😂

#6 నీటిపావురం

మధ్యలో దూరుతున్నా సారీ. మేం ఇంకా కొనలేదు, చూస్తున్నాం. మా ఆయనకి 23 అడుగుల స్పీడ్ బోటు మీద మనసు, 25 నాట్లు, అంటే గంటకి 46 కిలోమీటర్లు పోతుందట, అందులోనే పడుకోవచ్చట. నాకేమో మీ అందరిలా నిదానంగా పోయేది కావాలి. పెట్రోలా డీజిలా, ఏది మేలో కొంచెం అర్థమయ్యేలా చెప్పండి ప్లీజ్, ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

#7 పాతడీజిల్

అమ్మాయ్, ఇది నా సబ్జెక్టు.

నీళ్లని తోసుకుంటూ పోయే పడవకి ఒక హద్దు ఉంటుంది. నీటికి ఆనే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే వచ్చేది నాట్లలో దాని వేగం. 25 అడుగులు ఆనితే 5 ఇంటూ 1.34, అంటే 6.7 నాట్లు. దాని దగ్గరకొచ్చేసరికి పడవ తను లేపిన అలని తనే ఎక్కుతున్నట్టుంటుంది, ఇంకా తొక్కితే ఇంధనం పోతుంది గానీ వేగం రాదు. ఒక నాటుకి పైగా తగ్గించి 5.5లో పోతే ఇంజను గుర్రుమనకుండా హాయిగా పోతుంది. మీ ఆయన చూస్తున్నది నీళ్ల మీదకి లేచి జారిపోయే రకం, అది లేవాలంటే చాలా పవర్ కావాలి, అదే దూరానికి మూడు నాలుగింతలు తాగినా ఆశ్చర్యపోను. సముద్రం కాస్త లేచిందంటే ఆ 25 నాట్లు కాగితం మీదే, పడవ అల మీంచి అల మీదకి దబ్బుదబ్బున పడుతుంటే నడుములు విరుగుతాయి (పైన చెప్పిన ఆయన నడుం కాదు, అది వేరే సంగతి).

పెట్రోలైతే లోపల ఇంజను ఉన్న పడవలో ఒక్కటి మాత్రం ప్రాణం పోయినా మర్చిపోవద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. స్టార్ట్ చేసే ముందు బ్లోవర్ ఫ్యాన్ కనీసం 4 నిమిషాలు నడపాలి, తర్వాత ముక్కుతో కూడా చూసుకోవాలి. స్టవ్ గ్యాసూ అంతే, కిందకే దిగుతుంది, వాడనప్పుడు సిలిండర్ వాల్వు మూసేయాలి.

డీజిల్ అంటే ఆ భయం తక్కువ, కానీ దాని రోగాలు దానివి. ట్యాంకు సగం ఖాళీగా నెలలు ఉంచితే లోపల చెమట పట్టి అడుగున నీళ్లు చేరతాయి, ఆ నీళ్లూ డీజిలూ కలిసే చోట పురుగు పెరుగుతుంది, పురుగంటే సూక్ష్మజీవులే, నల్లగా జిగురు జిగురుగా ఉంటుంది. రేవులో ఉన్నంతకాలం అడుగున పడుకుని ఉంటుంది పాపం. ఎప్పుడు లేస్తుందంటే బయట సముద్రం ఎగిరెగిరి పడి ట్యాంకంతా చిలికినప్పుడు. అంతా పైకి లేచి ఫిల్టర్లో కూర్చుంటుంది, ఇంజను దగ్గి దగ్గి ఆగిపోతుంది. అందుకే డీజిల్ ఇంజను ఎప్పుడూ గాలి ఎక్కువున్న రోజే, రాళ్ల పక్కనే ఆగుతుంది, దానికేం పగ లేదు. నాకు రెండుసార్లయింది. మొదటిసారి ఫిల్టరు మార్చి పైపుల్లో గాలి తీసేటప్పటికి నలభై నిమిషాలు, లోపల వాంతులు, బయట లంగరు వేసి పట్టుకుందో లేదో తెలీదు. రెండోసారికి రెండు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టించుకున్నా, ఒకటి మూసుకుపోతే పిడి తిప్పితే రెండోది. ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉంచుతా.

ఇంపెల్లర్ కూడా చెప్పాలి, సముద్రపు నీళ్లు లాగే పంపులో రబ్బరు చక్రం. నాచో ప్లాస్టిక్ కవరో అడ్డం పడితే నీళ్లందక నిమిషాల్లో కాలిపోతుంది. స్పేర్ లేకుండా బయలుదేరొద్దు. మార్చినప్పుడు పాతదాని రెక్కలు లెక్కపెట్టండి, ఒక రెక్క తక్కువుంటే అది ఎక్కడో గొట్టంలో ఇరుక్కుని ఉంటుంది, తీసేదాకా ఇంజను చల్లబడదు.

#8 నీటిపావురం

అంకుల్ మీరు సూపర్. ఇది చూపిస్తే మా ఆయన "రెండు ఇంజన్లు పెట్టిద్దాం" అన్నాడు, ఇప్పుడేం చెయ్యాలి 🙄

#9 ఉప్పుగాలి

పైన ఇంజను గురించీ తాళ్ల గురించీ చెప్పారు. నేను గొడవల గురించి చెప్తా.

మా ఇద్దరికీ పడవలో పెద్ద గొడవలన్నీ ఒకే విషయం మీద, "ఇవాళ పోదామా వద్దా". ఆయనకి బయలుదేరాలనే ఉంటుంది, నాకు ఆకాశం చూస్తే కడుపులో తిప్పుతుంది. మొదటి రెండేళ్లు నేను నోరు మూసుకుని కూర్చునేదాన్ని, పిరికిదాన్నంటారేమోనని. ఒకరోజు గాలి బోఫోర్ట్ కొలమానంలో 4 అన్నారు, అంటే 11 నుంచి 16 నాట్లు, మా పడవకి అదేమంత కాదు. కానీ మేం బయటపడాల్సిన మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర నీళ్లు సముద్రంలోకి దిగుతున్నాయి, గాలేమో సముద్రం మీంచి లోపలికి. గాలి అదే, నాట్లు అవే, కానీ ఎదురెదురుగా వచ్చేసరికి అలలు పొడుగు తగ్గి నిట్టనిలువుగా లేస్తాయి, ఒకటి దిగేలోపే ఇంకోటి. మొగలో ఇసుక మేట కూడా ఉంటే ఇక విరిగి పడతాయి. అరగంట మా ఇద్దరికీ మాటల్లేవు. బయటపడ్డాక ఆయన అన్నది ఒకటే, "నీకు ముందే అనిపించిందా?" అనిపించింది. చెప్పలేదు.

అప్పట్నుంచి మాదొక రూలు. ఎవరికైనా ఒక్కరికి వద్దనిపిస్తే వద్దు. కారణం చెప్పక్కర్లేదు, రెండోవాళ్లు మొహం మాడ్చుకోకూడదు. వినడానికి తేలిక, రెండోది చాలా కష్టం, మా ఆయన మొదట్లో మొహం మాడ్చుకోకుండా ఉండటానికి పడవంతా తుడిచేవాడు.

అలాగే సమయం కూడా ఇద్దరం కలిసే చూస్తాం. పోటుకీ పాటుకీ మధ్య దాదాపు ఆరు గంటలనుకుంటే, మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండోవంతు నీళ్లు కదుల్తాయి, రెండో గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత రెండు, ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు పోతాయి. ఆ రెండు గంటలు మొగ దగ్గరికి పోకుండా ఉంటే సగం గొడవలు తగ్గుతాయి, సముద్రంతోనూ ఇంట్లోనూ.

#10 లంగరుదారి

ఉప్పుగాలి గారి రూలు మేం కూడా మొదలుపెడతాం.

పాటు మాటొచ్చింది కాబట్టి ఒకటి. లంగరేసేటప్పుడు నీళ్ల లోతు ఇప్పుడెంతుందో చూసి గొలుసు వదిలేస్తారు చాలామంది. మేమూ అలాగే చేశాం, పౌర్ణమి వెళ్లిన మర్నాడు. సాయంత్రం 3 మీటర్లుంది, 15 మీటర్లు వదిలి ఐదింతలు అయిందని పడుకున్నాం. రాత్రి నీళ్లు ఇంకో 2 మీటర్లు పెరిగాయి, పడవ ముందు కొస నీటికి మీటరు ఎత్తులో ఉంటుంది, అంటే లెక్క కట్టాల్సింది 6 మీటర్లకి. 30 మీటర్ల గొలుసు ఉండాల్సిన చోట మాకున్నది సగం. రెండు గంటలప్పుడు మెలకువొచ్చింది, ఎందుకంటే అల చప్పుడు మారింది. లేచి చూస్తే పక్క పడవ దీపం ఉండాల్సిన చోట లేదు. దీపం కదల్లేదు, మేమే కదిలాం.

అమావాస్యకీ పౌర్ణమికీ ఒకటి రెండు రోజులు అటూ ఇటూ నీళ్లు బాగా పెరుగుతాయి బాగా తగ్గుతాయి, అష్టమి దగ్గర తేడా తక్కువ. ఫోన్లో యాప్ ఉన్నా క్యాలెండర్లో తిథి చూసే అలవాటైంది నాకు. గొలుసైతే ఐదింతలు, తాడైతే ఏడింతలు, జాగా ఉంటే ఇంకాస్త. పడుకునే ముందు ఒడ్డున ఒకే వరసలో కనపడే రెండు గుర్తులు పెట్టుకుంటాం, చెట్టూ దాని వెనక స్తంభమూ, అలాంటివి. అవి విడిపోతే లంగరు జారుతున్నట్టే. గుర్తులు ఇద్దరికీ తెలియాలి, లేచి చూసేది ఎవరో తెలీదు కదా.

#11 నీటిపావురం

ఒకటి అడగనా, భయంగా ఉంది అడగాలంటే. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు నీళ్లలో పడిపోతే?

#12 ఉప్పుగాలి

అడగాల్సిందే. అసలు ఇదే అన్నిటికంటే ముందు మాట్లాడుకోవాలి, ఎవరూ మాట్లాడరు.

పుస్తకాల్లో ఒకరు చూపు తిప్పకుండా వేలు పెట్టి చూపిస్తూ ఉండాలి, ఇంకొకరు నడపాలి, మూడోవాళ్లు రేడియో అని ఉంటుంది. ఇద్దరున్న పడవలో ఒకరు పడితే మిగిలింది ఒక్కరే. కాబట్టి ఆ ఒక్కరికీ అన్నీ రావాలి, వేరే దారి లేదు. తేలేవి ఏవుంటే అవి వెంటనే విసరాలి, రింగు, ఫెండరు, దిండు కూడా, మనిషి తల అలల్లో కొబ్బరికాయంత కూడా కనపడదు, విసిరినవి కనపడతాయి. జీపీఎస్‌లో ఆ చోటు గుర్తుపెట్టే బటన్ ఉంటుంది, నొక్కాలి. వీహెచ్‌ఎఫ్‌లో (పడవ రేడియో) చానల్ 16లో మేడే, అంటే ప్రాణాపాయమని పిలుపు, కొత్త రేడియోలైతే మూత కింద ఎర్ర బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మీ చోటుతో సహా అదే పంపిస్తుంది, కాకపోతే రేడియోకి జీపీఎస్ కలిపి ఉండాలి, పడవ గుర్తింపు నంబరు అందులో ఎక్కించి ఉండాలి. కొన్నాక అది చూసుకోండి. మనిషి దగ్గరికొచ్చాక గేరు న్యూట్రల్, వెనక వైపు నుంచి ఎక్కించేటట్టయితే ఇంజను ఆపేయండి. ప్రొపెల్లర్ మనిషిని గుర్తుపట్టదు.

తర్వాతే అసలు కష్టం. తడిసిన మనిషిని నీళ్లలోంచి పైకి లాగడం ఒక్కరి వల్ల కాదు, మేం ఎండాకాలంలో కావాలని దిగి ప్రయత్నించాం, నేను ఆయన్ని ఒక్క అడుగు కూడా లేపలేకపోయా. నవ్వుతూ మొదలుపెట్టాం, చివరికి ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. ఆ వారమే నిచ్చెన మార్పించాం, నీళ్లలో ఉన్నవాళ్లు కింద నుంచే లాక్కోగలిగేది, మూడు మెట్లు నీళ్లలోకి దిగేది. ఇప్పుడు ఒక్కరు డెక్ మీదికి వెళ్లినా లైఫ్ జాకెట్ ఉండాల్సిందే, రాత్రి ఒక్కరే బయటికి వెళ్లకూడదు, రెండోవాళ్లని లేపాల్సిందే. ఆ లేపడానికి ఎంత విసుగొచ్చినా సరే.

#13 పాతడీజిల్

ఉప్పుగాలి గారి మాట ప్రింట్ తీసి పడవలో అతికించుకోండి.

నేను ఒకడే కెప్టెన్ అన్నదానికి నామీద చాలామంది లేచారు. ఆ కెప్టెన్ నేనని ఎక్కడైనా అన్నానా? మా పడవలో కెప్టెన్ మా ఆవిడ. చార్టులు ఆమెవి, వాతావరణం ఆమెది, పోదామా వద్దా ఆమెదే. నేను ఇంజను మనిషిని. ముప్ఫై ఏళ్లలో ఆమె మాట కాదని పోయింది ఒక్కసారి, ఆ ఫిల్టరు రెండోసారి మూసుకుపోయింది ఆ రోజే.

కాకపోతే ఆమెకి ఫిల్టరు మార్చడం రాదు. అది మాత్రం నేను నేర్పించాలి, మీరు గుర్తుచేశారు.

#14 మూలనున్ననడుం

నమస్కారం, పైన మూలిగిన ఆయన్ని నేనే. కొత్త అకౌంట్ తెరిచా.

మా ఆవిడ అన్నీ రాసింది గానీ ఒకటి రాయలేదు, మర్యాదకి. ఆ రెండు గంటలూ నేను లోపల్నుంచి అరుస్తూనే ఉన్నా. కనపడదు, కదల్లేను, ఇంజను చప్పుడు మారితే చాలు "తగ్గించు, కుడికి తిప్పు, లోతు ఎంతుంది" అని. కుడికి ఏముందో నాకేం తెలుసు. కాసేపటికి ఆమె వచ్చి ఏం మాట్లాడకుండా తలుపు మూసేసి వెళ్లింది. అప్పుడు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు, తర్వాత అర్థమైంది, తలుపు మూశాకే పడవ తిన్నగా పోయింది.

ఇప్పుడు నేను డాక్టరు చెప్పినట్టు పడుకుని ఉన్నా కాబట్టి ఇంటి పనులన్నీ కూడా ఆమే చెప్పాల్సొస్తోంది నాకు. టాయిలెట్ ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, పంపుకి స్పేర్ వాషర్లు ఏ డబ్బాలో ఉన్నాయో, పరుపు కింద చెమ్మకి బూజు పట్టకుండా రోజూ పొద్దున దాన్ని ఎత్తి నిలబెట్టాలనీ ఆరేళ్లలో నాకు తెలీదు. పరుపు దానంతటదే పొడిగా ఉంటుందనుకున్నా. బ్యాటరీ సంగతి ఇంకా ఘోరం. రాత్రి నేను లైట్లేసుకుని చదువుతుంటే ఆర్పమని ఆమె గొడవ, పిసినారితనం అనుకునేవాణ్ణి. ఆమె రోజూ పడుకునే ముందు మీటరు చూస్తుందట, 12.7 వోల్టులంటే నిండు, 12.2కి వస్తే సగం అయిపోయినట్టు, మా పాత రకం బ్యాటరీలు అంతకన్నా దించితే పాడవుతాయని. నాకు స్టార్టింగ్ బ్యాటరీ వేరుగా ఉంది కదా అన్న ధీమా. మిగతావి మూడేళ్లు ఆమె వల్లే బతికాయి.

#15 లంగరుదారి

అన్నా, తలుపు మూయడం మా ఆవిడకి చెప్పొద్దు.

#16 నీటిపావురం

మా ఆయన ఇదంతా చదివి రాత్రి "స్పీడ్ బోటు వద్దులే" అన్నాడు. నేను గెలిచా అనుకునేలోపు "కానీ కెప్టెన్ ఎవరు?" అన్నాడు. మళ్లీ మొదలు.

#17 ఒడ్డుదూరం

అందరికీ థాంక్స్, ఆయనతో సహా (తలుపు సంగతి చెప్పనని మాటిచ్చారు).

నిన్న ఆయన్ని జెట్టీ మీద కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటి కుర్రాణ్ణి తాళ్లకి పెట్టుకుని ఐదుసార్లు తీసి కట్టా. లంగరుదారి చెప్పిన నడుమధ్య తాడు మంత్రంలా పనిచేసింది, పడవ వచ్చి అంటుకుంటుంటే నాకే నమ్మకం కలగలేదు. మాది రివర్స్‌లో ఎడమకే లాగుతోంది, ఆరేళ్లుగా ఆయన కుడి పక్కే కట్టేవారు. అడిగితే "అలవాటు" అన్నారు. నాలుగోసారి మళ్లీ గీసుకుంది, అదే పెచ్చు పక్కన ఇంకో పెచ్చు.

పాతడీజిల్ గారూ, ఇంపెల్లర్ మూత తెరిచా ఇవాళ. ఆరు రెక్కలు ఉండాలి, ఐదే ఉన్నాయి. ఆ గొట్టం ఎటు నుంచి విప్పమంటారు?